మంచు ఏరూ మా మామ బీడీ కట్టా

హిమాలయాల్లో మంచు కరిగి పుట్టే నది, ఆ నది లోయ. ఆండర్సన్‌పేటలో ఆడపిల్లల బడిలో నేను ఏటేటా చెప్పిన పాఠం ఇది. చెప్పడం మొదలుపెట్టిన రోజుల్లో నేను మంచూ చూడలేదు, లోయా చూడలేదు. ఆ మాటకొస్తే నిండుగా పారే నదినే చూడలేదు. అయినా బోర్డు మీద నీలం సుద్దముక్కతో వంకర్లు తిప్పుతూ నది గీసి, అటూ ఇటూ కొండలు పెట్టి, గొంతు సవరించుకుని దంచేసేదాన్ని. ముక్కు మీద కోపం ఉన్న టీచరును ఎదురు ప్రశ్న వేసే ధైర్యం ఎవరికుంటుంది?

మా కోలారు జిల్లాలో ఏరంటే నడిచి దాటేది. పాలారు మా జిల్లాలోనే పుడుతుంది గానీ, నీళ్లు మాత్రం ఎప్పుడో పెద్ద వానలకు తప్ప పైకి కనిపించవు. బేతమంగళం చెరువు నిండిందంటే మా ఊళ్లో జనం పిల్లాజెల్లాతో బస్సెక్కి చూడ్డానికి పోయేవాళ్లు. మిగతా రోజుల్లో ఏటి ఇసుకలో మేకలు పడుకునేవి, ఆడవాళ్లు చెలమలు తవ్వి బిందెలు నింపుకునేవాళ్లు. మా చిన్నాన్న పెళ్లికి వంటలు కూడా ఏటి మధ్యలో పొయ్యిలు పెట్టే చేశారు. ఏట్లో పెట్టిన వస్తువు పెట్టినచోటే ఉంటుందన్న నమ్మకంతో నేను పెరిగాను. ఈ నమ్మకం నా కొంప ముంచిన సంగతి తర్వాత చెబుతాను.

మా మామగారు బంగారు గనిలో కొయ్య దిమ్మెలు నిలబెట్టి పైకప్పు కాసే పని చేసి రిటైరైన మనిషి. వాళ్ల నాయన నంగలి అవతల ఆంధ్రా పల్లె నుంచి గనికొచ్చాడు. గనులు సర్కారువి కాకముందే పనిలో చేరి, సర్కారువైన తర్వాత చాలా ఏళ్లకు బయటపడ్డాడు మా మామ. ఆయనకొక అలవాటుండేది. ఎక్కడికి వెళ్లినా, కూర్చోకముందే, ఆ చోటి గురించి తెలిసినవాళ్లను పట్టుకుని రెండు సంగతులు అడిగేవాడు: బయటికి దోవ యాడ, నీళ్లు యాడ నుంచి వస్తాయి. గనిలో కొత్త చోట పనికి దిగేముందు, పైకెక్కిపోతున్న షిఫ్టు వాళ్లను అడిగి తెలుసుకోవాలట. అడగకుండా దిగినవాడు మనిషే కాదట. గనిలో సరే, మా అక్క కూతురి పెళ్లిలో కల్యాణ మంటపం మేనేజరును కూడా ఇదే అడిగితే, ఆయన భయపడి ట్యాంకు చూపించాడు. నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది.

ఆయనకు ఇంకొక అలవాటు బీడీ. రోజుకు ఒక కట్ట. ఛాతీలో అప్పటికే జీవితకాలం పాటు పీల్చిన రాతి దుమ్ము ఉంది. దాని మీద ఈ పొగ. పొద్దున లేస్తే ఆయన దగ్గు విని పక్కింటివాళ్లు పాలకు బయల్దేరేవాళ్లు. డాక్టరు నన్నే పక్కకు పిలిచి, దుమ్మును నేను తియ్యలేనమ్మా, బీడీనైనా మాన్పించండి, లేకపోతే ఎక్కువ రోజులు ఉండడు అన్నాడు. మా అత్త నేను కాపురానికి రాకముందే పోయింది. ముందుగదిలో ఆమె ఫోటో ఉండేది. మామ బీడీ ముట్టించినప్పుడల్లా ఆ ఫోటోకు వీపు పెట్టి కూర్చునేవాడు. నేను దాన్ని కూడా మొండితనం కిందే జమకట్టాను.

నేను చెయ్యని ప్రయత్నం లేదు. బతిమాలాను, అలిగాను, బీడీలు దాచాను. దాచిన రోజున ఆయన నవ్వుతూ వీధి చివరి అంగడికి పోయి ఇంకో కట్ట తెచ్చుకున్నాడు.

ఒకరోజు మర్నాటి పాఠం గట్టిగా చదువుకుంటున్నాను. ఎండాకాలంలో మంచు కరిగి నదికి నీళ్లొస్తాయని, ఆకాశంలో మబ్బు లేకపోయినా నది పొంగుతుందని పుస్తకంలో ఉంది. గడపలో కూర్చున్న మామ పొగ వదిలి పకపకా నవ్వాడు.

"ఏందమ్మా టీచరమ్మా, వాన లేకుండా ఏరు వస్తుందా? సుమ్నె, ఊరికే, పిల్లోళ్లకు అబద్ధాలు చెప్తా ఉండావే!"

"పుస్తకంలో ఉంది మామా."

"పుస్తకం అచ్చేసినోడు పోయి చూసినాడా? నువ్వు చూసినావా?"

నాకు ఒళ్లు మండిపోయింది. "నిజమని చూపిస్తే బీడీ మానేస్తారా?" అనేశాను.

ఆయన బీడీని పెదవుల మధ్య నుంచి తీసి దాని వైపు చూశాడు. "మబ్బు లేకుండా, ఎండాకాలంలో, నా కండ్ల ముందర ఏరు వచ్చిందనుకో. ఆ పొద్దే ఇడిచిపెడతా. మాటంటే మాటే."

కోలారులో ఉండి హిమాలయాలను ఎక్కడి నుంచి తెచ్చేది? ఆయన ధీమా అదే.

కానీ ఆ ఏడాదే గనుల్లో పని తగ్గుతూ వచ్చింది. హిమాలయాల్లో సొరంగం తవ్వే కాంట్రాక్టరొకడు అనుభవం ఉన్న మనుషుల కోసం మా ఊరికి వచ్చాడు. రాతిని తొలిచేవాళ్లు మా ఊళ్లో దొరక్క ఇంకెక్కడ దొరుకుతారు? మా ఆయన పేరిచ్చాడు. ఆ సొరంగం ఒక మంచు నది పక్కనే. నాకు వార్త చెప్పిన రోజు భర్త దూరం పోతున్నాడన్న దిగులు కంటే పందెం గెలుస్తానన్న సంబరమే ఎక్కువైంది. ఈ మాట మా ఆయనకు ఈనాటికీ చెప్పలేదు.

మా ఆయన ఉత్తరాల్లో నది సంగతే రాసేవాడు. "ఏరు కూడా షిఫ్టుల్లో పని చేస్తుంది. పొద్దున షిఫ్టులో ఊరికే కూర్చుంటుంది, మధ్యాహ్నం షిఫ్టులో రంకెలేస్తుంది" అని రాశాడు. నేను విజయగర్వంతో మామకు చదివి వినిపించాను.

"వాడు చిన్నప్పటి నుంచీ అంతే. ఇస్కూలుకు పోకుండానే పోయినా అని చెప్పేటోడు," అన్నాడు మామ, తాపీగా ఇంకో బీడీ వెలిగిస్తూ.

ఎండాకాలం సెలవులిచ్చారు. టిక్కెట్లు తీయించాను. కళ్లారా చూస్తే గానీ నమ్మనన్నారు కదా, పదండి చూద్దురు గానీ అన్నాను. ఆయన అడ్డం చెబుతాడనుకున్నాను. చెప్పలేదు. గని బూట్లు తుడిచి తొడుక్కుని, ఇరవై బీడీ కట్టలు సంచిలో పెట్టుకుని ముందే వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. రైల్లో ఎక్కగానే దోవ యాడ అని టీటీని అడిగాడు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ ఆయనెవరో తెలియనట్టు కూర్చున్నాను.

రైళ్లు మారి, బస్సులు మారి, తల ప్రాణం తోకకొచ్చాక ఆ లోయలో దిగాం. కింద ఎక్కడో నది హోరుమంటోంది. ఇన్నేళ్లూ నీలం సుద్దముక్కతో గీసినదాన్ని, ఆత్రంగా నీళ్ల అంచు దాకా దిగి చూశాను. నీలం లేదు, పాడు లేదు! బూడిద రంగు. పాలల్లో సిమెంటు కలిపినట్టుంది. నా మొహం మాడిపోయింది.

మామ మాత్రం వంగి దోసిట్లో పట్టాడు. నీళ్లు వేళ్ల సందుల్లోంచి కారిపోయాక అరచేతిలో మిగిలిన పిండిని బొటనవేలితో రుద్దాడు.

"ఇది మన మిల్లు నీళ్లమ్మా," అన్నాడు. "రాయి నూరిన నీళ్లు. ఈ కొండను ఎవురో నూరతా ఉండారు."

నిజమే. మా ఊళ్లో గనిలోంచి తీసిన రాతిని మిల్లులో పిండి చేసి, బంగారం తీసుకుని, మిగిలిన పొడిని సైనైడు దిబ్బలుగా పోసేవాళ్లు. ఇక్కడ పైన మంచుగడ్డ కదులుతూ కిందున్న రాతిని నూరుతుంది, ఆ పిండిని ఏరు మోసుకుపోతుంది. ఈ ముక్క మా పాఠంలో ఉంది. బట్టీ పట్టి చెప్పిన నాకు అది రాయి పిండి అని తోచలేదు. చదవని ఆయన చేత్తో ముట్టుకుని చెప్పేశాడు. నాకు కాస్త కుళ్లు పుట్టింది.

మా ఆయన వాళ్లుండే షెడ్డు పక్కన ఒక ముసలాయన టీ కొట్టు ఉండేది. ఆ లోయలోనే పుట్టి పెరిగినవాడు. మా ఆయన తనకొచ్చిన హిందీలో అడుగుతుంటే ఆ లోయ చరిత్రంతా చెప్పాడు. ఆయన చరిత్రలో రాజుల పేర్లు లేవు, సంవత్సరాలు లేవు. నది ఎక్కడుండేదో, అదే లెక్క. నది ఆ పై గట్టు దాకా ఉన్నప్పుడు మనుషులే లేరట. నది కిందికి దిగి గట్టును వదిలేశాక దాని మీద బార్లీ వేశారట. మేకల మీద ఉప్పు మూటలు కట్టుకుని వర్తకులు నది వెంబడే వచ్చేవాళ్లట. ఒకసారి పైన కొండచరియ విరిగి నదికి అడ్డం పడిందట. కొన్ని రోజులు నది బొట్టు రాకుండా ఆగిపోయింది, పిల్లలు ఎండిన రాళ్ల మీద ఆడుకున్నారు. తర్వాత ఆ అడ్డు తెగింది. కింది ఊరు పోయింది. అప్పటి నుంచి అక్రోటు చెట్ల వరసకు కింద ఎవరూ ఇల్లు కట్టరు. ఆ తర్వాత ఆపిలు చెట్లొచ్చాయి, రోడ్డొచ్చింది, ఇప్పుడు మీరొచ్చారు అని నవ్వాడు.

మామ బీడీ ఆరిపోయినా చూసుకోకుండా విన్నాడు. "నా బడి పాఠం ఒక్కనాడైనా ఇట్లా విన్నారా?" అని దెప్పాను.

"నువ్వు యాడమ్మా ఇట్ల చెప్పేది? నీది అంతా పరీక్షకే కదా," అన్నాడు.

మర్నాడు పొద్దున మంచి ఎండ. ఆకాశంలో దూది పింజంత మబ్బు లేదు. మా ఆయన షిఫ్టుకు వెళ్లాడు. నేను ఉతకాల్సిన బట్టలు మోసుకుంటూ నదికి దిగుతున్నాను. టీ కొట్టు దగ్గర మామ ఆ ముసలాయనతో చేతులు తిప్పుతూ ఏదో మాట్లాడుతున్నాడు. ఒకరి భాష ఒకరికి రాదు. మామ ఏటి వైపు చూపించాడు, అరచెయ్యి పైకెత్తాడు, మణికట్టు మీద వేలితో కొట్టుకున్నాడు. ముసలాయన సూర్యుణ్ని చూపించి, వేలు కాస్త పడమటికి జరిపాడు. టీ ఎప్పుడవుతుందని అడుగుతున్నాడు కాబోలు అనుకుని నవ్వుకుంటూ వెళ్లిపోయాను.

నది బాగా తగ్గి ఉంది. అంచులో పెద్ద పెద్ద బండలు పొడిగా, వెచ్చగా తేలి ఉన్నాయి. నా కోలారు బుద్ధి ఎక్కడికి పోతుంది? ఏట్లో పొడి బండ కనిపిస్తే అది నా సొంత పెరడు. పెళ్లికి మా అమ్మ పెట్టిన ఆకుపచ్చ పట్టుచీర, ప్రయాణంలో టీ ఒలికితే జాడించి, ఆ బండ మీద పరిచాను. చలిమిడీ పులిహోరా ఉన్న టిఫిన్ క్యారియర్‌ను పక్క బండ నీడలో పెట్టాను. మామ వచ్చి ఇంకో బండ మీద కూర్చున్నాడు. బూట్లు విప్పి పాదాలు నీళ్లలో పెట్టి, "అబ్బా, ప్రాణం పోతా ఉండాది!" అని వెంటనే తీసేశాడు. ఇద్దరం పడీపడీ నవ్వాం. మధ్యాహ్నం దాకా కబుర్లు చెప్పుకున్నాం. ఆయన ఒక బీడీ తాగాడు. చాలా నెమ్మదిగా, చివరి దాకా తాగాడు. బీడీ కట్టనూ అగ్గిపెట్టెనూ బండ మీద పెట్టి లేచాడు.

"టీ తాగొస్తాం రామ్మా," అన్నాడు.

"చీర ఆరలేదు మామా."

"దాన్ని ఎవురెత్తుకుపోతారు? రా."

గట్టెక్కాం. టీ గ్లాసు చేతిలో పట్టుకున్నానో లేదో, కింద నది గొంతు మారింది. మొదట అది నా భ్రమ అనుకున్నాను. తర్వాత నా క్యారియర్ మూత ఒకటి దొర్లుకుంటూ పోవడం కనిపించింది. "అయ్యో నా చీర!" అని కేక పెట్టి పరిగెత్తబోయాను. టీ కొట్టాయన నా చెయ్యి పట్టుకుని ఆపేశాడు. బూడిద నీళ్లు ఒక్కో బండనే మింగుతూ వచ్చాయి. ఆకుపచ్చ చీర ఒకసారి నిండుగా విప్పుకుని, మలుపు తిరిగి వెళ్లిపోయింది. మంచు నది పాఠం ఏటేటా చెప్పిన టీచరు పట్టుచీరను మంచు నదిలో ఆరేసుకుంది! తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఏడుస్తూనే ఉన్నాను గానీ పందెం గుర్తొచ్చింది. ముక్కు తుడుచుకుని ఆకాశం వైపు చెయ్యెత్తాను.

"మామా! వాన యాడ? మబ్బు యాడ? చూపించండి!"

ఆయన నా వైపు చూడలేదు. బీడీ కట్ట ఉన్న బండ వైపే చూస్తున్నాడు. నీళ్లు దాని మీదికి ఎక్కాయి, దిగాయి, మళ్లీ ఎక్కాయి. బండ కనిపించకుండా పోయింది.

"గెలిచినావు పోమ్మా," అన్నాడు. షెడ్డుకు పోయి సంచిలో మిగిలిన కట్టలన్నీ తెచ్చి టీ కొట్టాయనకు ఇచ్చేశాడు.

నేను కొండెక్కి కూర్చున్నట్టే ఊరికి తిరిగొచ్చాను. కనిపించిన ప్రతివాళ్లకూ ఈ కథ చెప్పాను. మామకు మాత్రం ఆ తర్వాతి నెలలు నరకం. లవంగాలు నమిలాడు, జీలకర్ర నమిలాడు, చారులో ఉప్పెక్కువైందని నాతో యుద్ధం చేశాడు. వీధి చివరి అంగడివాడు, పెద్దాయన క్షేమమేనా అని ఇంటికొచ్చి అడిగి పోయాడు. మధ్యాహ్నం చెయ్యి జేబు దగ్గరకు పోయినప్పుడల్లా గోడ గడియారం చూసి, "ఇంగ ఏరు ఎక్కతా ఉంటాది," అనేవాడు. చెయ్యి వెనక్కి వచ్చేది. దగ్గు పూర్తిగా పోలేదు. లోపల ఉన్న రాయి ఎక్కడికి పోతుంది? కానీ పక్కింటివాళ్లు పాలకు అలారం పెట్టుకోవాల్సి వచ్చింది. ఎక్కువ రోజులు ఉండడన్న మనిషి మనవరాలిని బడికి నడిపించుకుపోయాడు. గనులు మూతపడిన రోజు కూడా ఆయన కళ్లతోనే చూశాడు.

ఆ తర్వాత ఒక ఏడు అదే పాఠం చెబుతున్నాను. ఇప్పుడు బూడిద రంగు సుద్ద కోసం తంటాలు పడి, తెల్లసుద్దను బొగ్గుతో కలిపి గీస్తున్నాను. అలవాటు ప్రకారం నా చీర కథ చెప్పాను. చీర పోయింది, క్యారియర్ పోయింది, తాత బీడీ కట్ట పోయింది అన్నాను. పిల్లలు ఎప్పటిలాగే విరగబడి నవ్వారు. రెండో బెంచీలో ఒక పిల్ల లేచింది.

"మిస్, తాత బూట్లు పోలేదా? బండ మీద ఇప్పినాడని చెప్తిరి కదా?"

గట్టెక్కుతున్న మామ నా కళ్ల ముందుకొచ్చాడు. ఒక చేతిలో బూట్లు, భుజం మీద తువ్వాలు. పొడిగా, భద్రంగా. ఆ బూట్లు ఆ రోజు కూడా మా ఇంటి గూట్లోనే ఉన్నాయి.

సాయంత్రం ఇంటికి పోయి చెప్పులు కూడా విప్పకుండా ఆయన కుర్చీ ముందు నిలబడ్డాను.

"మామా, ఆ రోజు నీళ్లు ఎప్పుడొస్తాయని టీ కొట్టాయన్ను అడిగారు కదూ?"

ఆయన నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. చిన్నగా నవ్వాడు. "అడగకుండా ఎట్ల దిగుతానమ్మా? ఇంత కాలం పట్టిందా టీచరమ్మకు?"

"మరి నా చీర? చెప్పచ్చు కదా!"

"చెప్పింటే నువ్వు చీరతో పాటు బీడీ కట్ట కూడా ఎత్తుకొచ్చేదానివి. నీ బుద్ధి నాకు తెల్దా? చీరకు నాకూ బాధే అయింది."

కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది. "మానాలని మీకే ఉంటే ఇంట్లోనే మానచ్చు కదా మామా. నేను అన్నిసార్లు కాళ్లావేళ్లా పడ్డాను. అంత దూరం పోయి ఏట్లో పారెయ్యాలా?"

ఆయన కుర్చీలో కొంచెం పక్కకు తిరిగి గోడ మీది ఫోటోను చూశాడు.

"మీ అత్త ముప్పై ఏండ్లు అడిగింది," అన్నాడు. "దానికి ఇయ్యలేదు. నువ్వు అడిగినావని ఇచ్చేస్తే, అది ఏమనుకుంటుందమ్మా? అందుకే ఏటికి ఇచ్చేసినా."